మూడింటికే మెలకువ వస్తోందా?

ఇంకా పాలబ్బాయి రాలేదు. వీధిలో అలికిడి లేదు. కళ్లు మాత్రం తెరుచుకున్నాయి. తిరిగే ఫ్యాను వంక చూస్తూ పడుకుంటే ఎప్పటివో తప్పులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఏదో ఒక రాత్రి ఇలా ఎవరికైనా జరుగుతుంది. రెండు వారాలుగా దాదాపు రోజూ ఇదే వరస అయితే మాత్రం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

"వయసు పైబడింది కదా", "రాత్రిపూట కాఫీ ఎందుకు తాగావు", "గ్యాస్ అయ్యుంటుంది" అని మన ఇళ్లలో జవాబులు సిద్ధంగా ఉంటాయి. అవీ నిజం కావచ్చు. కానీ మనసు బాగాలేదని చచ్చినా చెప్పని మనిషి కూడా నిద్ర పట్టడం లేదని చెబుతాడు. డిప్రెషన్ ఆ మాటతోనే బయటపడొచ్చు. కొంచెం చెవి పెట్టండి.

రోజూ లేచే వేళకంటే రెండు గంటలు ముందే మెలకువ రావడం, పొద్దున దిగులుగా ఉండి సాయంత్రానికి కాస్త తేరుకోవడం తీవ్రమైన డిప్రెషన్‌లో కనిపించే లక్షణాలు. కొందరిది, ముఖ్యంగా కుర్రవాళ్లది, దీనికి పూర్తిగా తిరగబడిన కథ. పది గంటలు పడుకున్నా మంచం దిగలేరు. వాళ్లను బద్ధకస్తులని తిట్టేస్తాం. ఇంకో రకం ఉంది: మూడు గంటలే పడుకుని అలసటే లేకుండా గలగలా మాట్లాడుతూ, చేతికందిందల్లా కొనేస్తూ ఉంటారు. అది బైపోలార్ కావచ్చు. ఇలాంటి రోజులు ఎప్పుడైనా గడిచి ఉంటే డాక్టరు అడగకపోయినా చెప్పండి. తెలియక డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ ఉధృతి పెరిగే ప్రమాదముంది.

నిద్ర ఒక్కటి చూసి జబ్బు పేరు తేల్చేయకూడదు. థైరాయిడ్, గురకతో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, నైట్ షిఫ్టులు కూడా నిద్రను పాడు చేస్తాయి. మామూలుగా నిద్రపట్టిన గంటన్నరకు మొదలయ్యే కలల నిద్ర డిప్రెషన్‌లో తొందరగా వస్తుందని 1970ల నుంచే తెలుసు. అయినా దాన్ని కొలిచే ల్యాబ్ పరీక్ష ఒక్కదాంతో డాక్టర్లు నిర్ధారణ చేయరు. ఇక చేతి బ్యాండు చూపించే అంకె ఏపాటిది!

నాకు అన్నిటికంటే భయం మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే నిద్రమాత్ర. అది డిప్రెషన్‌ను నయం చేయదు, లక్షణాన్ని కప్పేస్తుంది. అలవాటైతే వదలదు. మద్యం తాగి వేసుకుంటే ఊపిరికే ముప్పు.

పాల లెక్క రాసుకునే క్యాలెండరు ఉందిగా! ఆ గడిలోనే పడుకున్న వేళ, లేచిన వేళ రాయండి. తిండి సహించిందా, దేని మీదైనా ఆసక్తి ఉందా అన్నది పక్కన ఒక్క మాట. రెండు వారాలయ్యాక ఆ కాగితం పట్టుకుని సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లండి. వెంట ఇంట్లోవాళ్లు ఉంటే మరీ మంచిది. గురక సంగతి వాళ్లకే తెలుసు మరి.

"ఉండి ఏం లాభం" అన్న మాట వినపడితే మాత్రం రెండు వారాలు ఆగొద్దు. ఆ రాత్రి ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు. తెల్లవారుజామున మూడింటికైనా చేయొచ్చు.