చప్పుడు చేసే డిస్కును వెంటనే ఆపాలి

ఒకప్పుడు పెళ్లి ఫోటోలు ఆల్బంలో, లెక్కలు పద్దు పుస్తకంలో ఉండేవి. చెదలు పట్టినా ఒక మూల పోయేది, మిగిలింది చూసుకోవడానికి వీలుండేది. ఇప్పుడవన్నీ హార్డ్ డిస్కులోకి చేరాయి. పోయిన తండ్రి ఫోటో, పొలం కాగితాల నకలు, కూతురి పెళ్లి వీడియో అన్నీ ఒకే డబ్బాలో ఉంటున్నాయి. అది పాడైతే అన్నీ ఒక్కసారే పోతాయి.

అయితే పాడైన డిస్కులో సమాచారం చాలాసార్లు ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని పూర్తిగా పోగొట్టేది తొందరపాటే.

డిస్కు లోపల నునుపైన పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్ పళ్లేన్ని తాకదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తున తేలుతుంది. టకటకమని చప్పుడు వస్తోందంటే ఆ హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు నడిపిన ప్రతి నిమిషం పళ్లేన్ని గీకే ప్రమాదం ఉంది. చప్పుడు వినగానే ఆపేయడమే మొదటి వైద్యం.

జరుగుతున్నది వేరు. పదిసార్లు ఆపి పెడతారు, అరచేత్తో తడతారు, ఎవరో చెప్పారని ఫ్రిజ్‌లో పెడతారు. చల్లబడిన డిస్కును బయటికి తీస్తే లోపల తేమ చేరుతుంది. స్క్రూలు విప్పి చూస్తే దుమ్ము పడుతుంది. కంప్యూటరు 'సరిచేయమంటారా' అని అడిగితే సరేననడం, ఫార్మాట్ చేయడం కూడా తప్పే.

చప్పుడు లేకుండా, కేవలం నెమ్మదించిన డిస్కు అయితే ముందుగా దాన్ని మొత్తంగా మరో మంచి డిస్కులోకి నకలు తీయాలి. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఇందుకు ఉచితంగా దొరుకుతుంది. వాన ముంచుకొస్తే రైతు ముందు గట్టు మీది కుప్పను చేరవేసి, బురదలోని పనల కోసం తర్వాత దిగుతాడు. ఇదీ అంతే. సులువుగా వచ్చేదంతా ముందు తీసుకుని, పాడైన చోట్లను గుర్తు రాసుకుని చివర్లో ప్రయత్నిస్తుంది. ఆపైన ఫైళ్లను వెతకడం ఆ నకలులోనే జరగాలి, అసలు డిస్కులో కాదు. టకటకలాడే డిస్కును మాత్రం దుమ్ము చేరని గది ఉన్న ప్రయోగశాలకే పంపాలి. దానికి వేలల్లో ఖర్చవుతుంది, ఫలితం ఖాయం కాదు.

ఆ ఖర్చుతో పోలిస్తే రెండో డిస్కు చవక. పెళ్లికి డబ్బు తీసుకునే స్టూడియో యజమానులు ఆల్బం అప్పగించేదాకా రెండు నకళ్లు ఉంచాలి. ఎంతకాలం దాచిపెడతారో ముందే చెప్పాలి. మరమ్మతు షాపుల వాళ్లు యజమానిని అడగనిదే ఫార్మాట్ చేయకూడదు. ఫోటోలు తీయించుకున్నవాళ్లు తమ నకలును తాము అడిగి తీసుకోవాలి.

రెండు నకళ్లూ ఒకే ఇంట్లో ఉంటే లాభం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని ఇళ్లు మునిగినప్పుడు బీరువాలూ మునిగాయి. ఒక నకలు అక్క ఇంట్లోనో, పొరుగూరి బంధువు దగ్గరో ఉండాలి. ఈ ఏర్పాటు డిస్కు బాగున్నప్పుడే చేసుకోవాలి.