సారా కుండ, మూడెకరాల చెలక

పోయిన వేసవిలో, మా ఊరి భూమి పండుగకు రెండు రోజుల ముందు, పదో తరగతి చదివే పిల్లవాడొకడు వాళ్ల అవ్వ పండుగకని దాచిన ఇప్పసారా కుండను వాకిట్లో పగలగొట్టాడు. ముందురోజు రాత్రి ప్రార్థన కూటానికి వెళ్లొచ్చాడు. దేవుడి దృష్టిలో చిన్న పాపం, పెద్ద పాపం లేవని, సారా తాగినా మనిషిని చంపినా ఒకటేనని బోధకుడు చెప్పాడట. అవ్వ తిట్టలేదు. పెంకులు ఏరుకుంటూ, "రేపు వేల్పుకు ఏం పోసేదిరా?" అని మాత్రం అడిగింది.

అదే కూటంలో ముందు వరుసలో ఒక దుకాణందారు కూర్చున్నాడు. "అందరం పాపులమే తండ్రీ" అని అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆయనే. ఆ అవ్వ వాళ్ల మూడెకరాల చెలక ఇరవై ఏళ్లుగా ఆయన సాగులో ఉంది. ఎరువుల అప్పు చూపించి, తెల్లకాగితం మీద తాత వేలిముద్ర తీసుకున్నాడు. కాగితాల్లో ఇంకో ఆదివాసీ పేరు ఉంటుంది, పత్తి మాత్రం ఈయన ఇంటికి పోతుంది. ఇప్పుడు చెప్పండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ: ఆ కుండా, ఈ చెలకా ఒకే తూకమా?

అన్ని పాపాలూ సమానమనే మాటలో ఒక మంచి ఉంది, కాదనను. ఒక్క ఆజ్ఞ తప్పినా ధర్మశాస్త్రమంతా తప్పినట్టేనని యాకోబు పత్రికలో ఉంది. నేను నీకంటే పవిత్రుణ్ణని ఎవడూ మీసం మెలేయకుండా ఆ మాట ఆపుతుంది. తాగి పడిపోయినవాణ్ణి చూసి ఛీకొట్టకుండా ఆపుతుంది. చిన్నవాడు తనలో తాను అనుకుంటే అది వినయం. భూమి తిన్నవాడు పదిమందిలో నిలబడి అంటే అది దాక్కునే చోటు. మందలో కలిసిపోయిన తోడేలును ఎవరు లెక్కపెడతారు?

పైగా ఆ గ్రంథమే అన్నీ ఒకటని ఊరుకోలేదు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన పరిసయ్యులను యేసు కడిగేశాడు. వాటిలో ఏది బరువైనదో ఆయనే చెప్పాడు. తెలిసి తప్పు చేసిన దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేసినవాడికి తక్కువ దెబ్బలు అన్నాడు. పిలాతు ముందు నిలబడి, తనను అప్పగించినవాడిది ఎక్కువ పాపమన్నాడు. ఇక జక్కయ్య కథ. సుంకాలు వసూలు చేసి డబ్బు గడించినవాడు. యేసు ఇంటికొస్తే అతను అందరం పాపులమే అని ఏడ్చి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మన కూటాల్లో అతను చెట్టెక్కిన ముచ్చట చెబుతారు, పిల్లలు నవ్వుతారు. లెక్క తిరిగి కట్టిన చోటుకు వచ్చేసరికి పాట అందుకుంటారు.

సరే, పాపాలకు మెట్లు కడితే చాలునా? మనుధర్మశాస్త్రం 11వ అధ్యాయంలో కట్టారు. బ్రాహ్మణుణ్ణి చంపడం మహాపాతకం. సురాపానం కూడా ఆ వరుసలోదే. శూద్రుణ్ణి చంపడం మాత్రం ఉపపాతకాల్లోకి దిగిపోయింది. అంటే మనిషి ప్రాణం కంటే కల్లు ముంత బరువెక్కువ! ఈ తూకంలో రాయి వేసింది ఎవరో వేరే చెప్పాలా? అన్నీ సమానమన్న తూకమూ, కులాన్ని బట్టి వేసిన తూకమూ, చిత్రంగా, రెండూ తిరిగి తిరిగి మన సారా కుండ మీదికే వస్తున్నాయి.

మా పెద్దల పంచాయితీలో అడిగేవి వేరే. ఎవరికి నష్టమైంది? ఎంత? తెలిసి చేశాడా? తిరిగి ఇవ్వగలడా? దాన్ని బట్టి దండుగ. కట్టినాక కలిసి తినాలి, ఇక ఆ మాట ఎత్తకూడదు. అలాగని అంతా బంగారమని నేననను. మన్యంలో చిల్లంగి పెట్టిందనో, చేతబడి చేసిందనో అనుమానంతో ముసలివాళ్లను చంపినప్పుడు ఎన్ని ఊళ్లు నోరు మూసుకున్నాయి? అక్కడ మన తూకం విరిగిపోయింది. బెల్టుషాపు మందుతో కూలిన ఇళ్లూ నాకు తెలుసు. పండుగకు వేల్పు ముందు పోసే గుక్కెడు వేరు, ఆ మందు వేరు. ఆ తేడా కూడా చెప్పలేనివాడు పాపం గురించి ఏం బోధిస్తాడు?

తోటి పంతుళ్లకు ఒక మాట. పిల్లలు ఈ ప్రశ్న తరగతిలోకి తెస్తారు. మతం సంగతి మనకెందుకని దాటేయకండి. ఎవరి నమ్మకాన్నీ తిట్టకండి, ఆ పిల్లవాడు ప్రార్థనకు వెళ్లడం నాకు తప్పుగా తోచలేదు. కానీ పక్కనే 1/70 చట్టం చెప్పండి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదలాయిస్తే చెల్లదని, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని చట్టం అనుకుంటుందని, కాదని రుజువు చేసుకోవలసింది అతనేనని చెప్పండి. 1970 నుంచి ఉన్న ఆ చట్టం మన పదో తరగతి పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఆ పిల్లవాడికి నేను కుండ గురించి ఏమీ అనలేదు. జక్కయ్య కథ చివరిదాకా చదవమన్నాను. రెండు రోజులకు వచ్చి, "సార్, నాలుగింతలంటే పన్నెండెకరాలు కదా?" అన్నాడు. మూడు చాలన్నాను. భూబదలాయింపు కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు అర్జీ వాడే రాశాడు, నేను తప్పులు దిద్దాను. అవ్వ వేలిముద్ర వేసే ముందు కాగితం మొత్తం రెండుసార్లు చదివించుకుంది. వాయిదా ఇంకా రాలేదు.