ఉపాధి వేటలో తొందరపాటు

డిగ్రీ చేతికి వచ్చిన పిల్లలున్న ఇళ్ళలో ఈ రోజుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఎక్కడి నుంచైనా జవాబు వచ్చిందా?" వెనుకటి తరం ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజిలో కార్డు రెన్యూవల్ చేయించుకుని, పత్రికల్లో 'వాంటెడ్' ప్రకటనలు చూసి, దరఖాస్తు పోస్టులో వేసి ఎదురుచూసేది. 1997లో నౌక్రీ డాట్ కామ్ మొదలైంది. అప్పటి నుంచి ఆ పని క్రమంగా కంప్యూటర్ మీదికి, తర్వాత చేతిలోని ఫోన్‌లోకి వచ్చి చేరింది. కేంద్ర ప్రభుత్వమే 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పేరుతో ఉచితంగా ఒక సైటు ప్రారంభించింది. ఒక్క రాత్రిలో యాభై కంపెనీలకు బయోడేటా పంపవచ్చు, పంపుతున్నారు కూడా. జవాబే రావడం లేదు.

ఆ మౌనాన్ని ఇంటివాళ్ళు అర్థం చేసుకునే తీరు మాకు బాధ కలిగిస్తోంది. "పొద్దస్తమానం ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు, సరిగా వెతకడు" అని తండ్రి కోప్పడతాడు. ఫలానా వారబ్బాయి దుబాయి వెళ్ళి అప్పుడే ఆరు నెలలైందని ఖాలా వచ్చి చెప్పిపోతుంది. అమ్మాయి విషయంలోనైతే ఇంకో మాట వస్తుంది: "ఇక చాలు, సంబంధం చూద్దాం."

నిజానికి ఒక్కో ప్రకటనకు వందలు, వేలు దరఖాస్తులు వచ్చిపడతాయి. కంపెనీవాళ్ళు అన్నీ చదవరు. తమకు కావలసిన పని పేరుతో వెతికి, ఈమధ్యే సరిచూసుకున్న బయోడేటాలను ముందు తీస్తారు. ట్యాలీ వచ్చిన కుర్రవాడు ఆ మాట స్పష్టంగా రాయకుండా 'కష్టపడే స్వభావం కలవాడను' అని రాస్తే ఎవరి కంటా పడడు. ఇది నేర్చుకుంటే వచ్చే విద్యే.

రెండో కారణం మాత్రం పిల్లల చేతిలో లేదు. ఆచార్య సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, పత్రికా ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం బాగా తక్కువని తేలింది. లెడ్‌బై ఫౌండేషన్ 2022లో ప్రకటించిన అధ్యయనం మన అమ్మాయిలకు మరింత దగ్గరిది. అర్హతలన్నీ ఒకటిగా ఉన్న రెండు బయోడేటాలను, ఒకటి హిందూ స్త్రీ పేరుతో, ఒకటి ముస్లిం స్త్రీ పేరుతో, 1,000 ఉద్యోగ ప్రకటనలకు పంపారు. మొదటి పేరుకు 208 చోట్ల నుంచి సానుకూలమైన జవాబు వచ్చింది, రెండో పేరుకు 103 చోట్ల నుంచి. కనుక మీ అమ్మాయి ఇంకొకరి కంటే రెట్టింపు దరఖాస్తులు పెట్టవలసి వస్తే ఆ లోపం ఆమెది కాదు. ఇది అన్యాయం, అన్యాయమనే చెప్పాలి. దీన్ని చూసి పేరు దాచుకోమని, లేని అనుభవానికి సర్టిఫికెట్ కొనుక్కోమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. హజ్రత్ మూసా (అ.స)ను పనికి పెట్టుకోమని మద్‌యన్‌లో ఆ అమ్మాయి తండ్రికి చెప్పినప్పుడు ఆయనలో చూపిన గుణాలు రెండు: బలం, నమ్మకస్తుడు కావడం. కొన్న సర్టిఫికెట్‌తో రెండోది పోతుంది. కంపెనీ ఆరా తీసిన రోజున ఉద్యోగమూ పోతుంది.

అసలు ప్రమాదం ఈ మౌనం తర్వాత వస్తుంది. నెలల తరబడి ఎవరూ పలకని కుర్రవాడికి ఒకరోజు వాట్సాప్‌లో సందేశం వస్తుంది. ఇంటర్వ్యూ లేదు, పరీక్ష లేదు, జీతం లక్ష, వీసా వారంలో! ఇంట్లో పండగ. అమ్మీ గాజులు తాకట్టుకు వెళతాయి. వివరాలు అడిగితే అవకాశం ఎక్కడ జారిపోతుందోనన్న భయంతో ఎవరూ ఏమీ అడగరు.

అడగకపోతే ఏమవుతుందో ఈమధ్య కాలమే చూపింది. థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలంటూ ప్రకటనలు నమ్మించి, యువకులను అక్రమంగా సరిహద్దు దాటించి మయన్మార్‌కు తీసుకుపోతున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. అక్కడ వారిచేత చేయించినవి సైబర్ మోసాలు. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా తిరిగివచ్చారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. రష్యాలో సహాయకుడి ఉద్యోగమని నమ్మి వెళ్ళిన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో మరణించినట్లు 2024 మార్చిలో వార్త వచ్చింది. అలా వెళ్ళినవారికి ఏజెంట్లు యూట్యూబ్ వీడియోల ద్వారానే పరిచయమయ్యారు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర.అ) మక్కాలో సర్వం వదిలి మదీనా చేరినప్పుడు, దైవప్రవక్త (స) ఆయనను సఅద్ బిన్ రబీ (ర.అ)కు సోదరునిగా చేశారు. సఅద్ (ర.అ) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దువా చేసి, అది వద్దని, బజారుకు దారి చూపమని మాత్రం అడిగారు. ఆ మొదటి రోజు కొంచెం జున్ను, నెయ్యి లాభంతో తిరిగి వచ్చారు. ఈ సంఘటనలో అబ్దుర్రహ్మాన్ (ర.అ) శ్రమనే అందరం చెప్పుకుంటాం. దారి చూపినవారు కూడా ఉన్నారు కదా! ఆన్‌లైన్ బజారులో మన పిల్లలు కొత్తవాళ్ళు, పెద్దలు అంతకన్నా కొత్త.

దారి మరీ కష్టమైనదేమీ కాదు. నిజంగా ఉద్యోగం ఇచ్చేవాడు రిజిస్ట్రేషన్ అనీ, డిపాజిట్ అనీ, లాప్‌టాప్ ఖర్చనీ డబ్బు అడగడు. వీడియోలకు లైకులు కొడితే రోజూ డబ్బు అంటూ మొదట నూటయాభై వేసి, తర్వాత వేలు కట్టించుకునే 'టాస్క్' పని ఉద్యోగమే కాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఆ పేరు ఉందో లేదో చూడాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, రసీదు ఇవ్వాలి. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చన్నవాడి మాట అక్కడితో ఆపేయవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశాలకు పంపుతున్నాయి.

ఈ మాత్రం చూసిపెట్టే మనిషి ప్రతి మొహల్లాలోనూ ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో బ్యాంకులోనో పనిచేస్తూ. జుమా రోజున అసర్ నుంచి మగ్రిబ్ దాకా అతన్ని మసీదు ఆవరణలో కూర్చోబెట్టమని మసీదు కమిటీలను కోరుతున్నాం. అమ్మాయిల కోసం మదర్సాలోనో ఎవరింట్లోనో ఒక టీచరమ్మ కూర్చోవచ్చు. ఆఫర్ లెటర్ వచ్చినవాళ్ళు డబ్బు కట్టకముందే తెచ్చి చూపిస్తారు, రానివాళ్ళు బయోడేటా దిద్దించుకుంటారు. కావలసింది ఒక బల్ల, రెండు కుర్చీలు, నెట్ ఉన్న ఫోను.