అరుదైనది రోగమా, పరీక్షా?

"ఇది చాలా అరుదమ్మా, ఎవరు మాత్రం ఊహిస్తారు?" మా సంఘంలోని ఒక అక్కతో డాక్టరు అన్న మాట ఇది. బరంపురంలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. అరచేతిలో కాయ లేస్తే అందరూ పులిపిరి అన్నారు. ఒకచోట మందు పెట్టి కాల్చారు. ఇంకోచోట కోసి, ఆ ముక్కను బకెట్‌లో పారేశారు. కాయ మళ్లీ లేచి రక్తం కారింది. చివరికి చంకలో బిళ్ల కట్టాక పరీక్ష చేయిస్తే తేలింది: పోరోకార్సినోమా. చెమట గ్రంథి నాళంలో పుట్టే క్యాన్సర్.

నిజమే, అరుదైనదే. ఎక్కువగా వయసు మళ్లినవారికి, అదీ కాళ్ల మీద వస్తుంది. అరచేతిలో రావడం మరీ తక్కువ. కానీ ఇది కొత్త రోగం కాదు. పింకస్, మెహ్రెగాన్ అనే వైద్యులు 1963లోనే దీని గురించి రాశారు. త్వరగా గుర్తించి, చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసేస్తే చాలామంది బతుకుతారు. ఒంట్లోకి పాకాక మాత్రం ఖాయంగా పనిచేసే మందు లేదు.

కంటితో చూసి కనిపెట్టలేదని నేను ఏ డాక్టరునూ తప్పుపట్టను. నా ప్రశ్న ఒక్కటే: కోసిన ముక్కను ఎందుకు పారేశారు? దాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి, పేరు రాసి, ల్యాబుకు పంపడానికి అరుదైన తెలివి కావాలా? అదే చెయ్యి ఆమె పనిచేసే ఇంటి యజమానురాలిదైతే పారేసేవారా?

"ఆయుష్మాన్ కార్డు ఉందిగా" అంటారు. ఏడాదికి 5 లక్షలు, మంచిదే. కానీ ఆ కార్డు ఆస్పత్రిలో చేరినవారికి. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షల ఖర్చే అందులో కలుస్తుంది. ఓపీ వరుసలో నెలల తరబడి నిలబడిన పేదరాలికి అది అక్కరకు రాదు. రోగం ముదిరాక తెరుచుకునే తలుపు అది.

నేనూ తప్పించుకోను. ఆ చేతిని పట్టుకుని మూడుసార్లు ప్రార్థించాను. "ముక్క పరీక్షకు పంపారా అక్కా?" అని ఒక్కసారీ అడగలేదు.

ప్రియులారా, ఇకనుంచి అడుగుదాం. ఒంటిమీద కోసిన ప్రతి గడ్డా పరీక్షకు వెళ్లాలి. జిల్లా ఆస్పత్రి ఓపీలోనే ఆ పరీక్ష ఉచితంగా జరగాలి. రిపోర్టులో ఏముందో రోగికి తన భాషలో చెప్పాలి. రోగం అరుదు కావచ్చు. పేదవాడి గడ్డను పారేయడం మాత్రం మన దగ్గర అరుదు కాదు.