ముహూర్తానికి ఏ కెమెరా?

ఢిల్లీలో యమునా నదికి తూర్పున ఉన్న మయూర్ విహార్‌లో చలికాలమంటే పెళ్ళిళ్ళ కాలం. కార్తీక శుద్ధ ఏకాదశితో మొదలయ్యే సందడి ధనుర్మాసంలో సద్దుమణిగి, సంక్రాంతి వెళ్ళగానే మళ్ళీ అందుకుంటుంది. 1980ల నుండి ఢిల్లీ అభివృద్ధి సంస్థ కట్టిన ఫ్లాట్లతోనూ, సహకార గృహనిర్మాణ సంఘాల భవనాలతోనూ పెరిగిన ఈ కాలనీలో పంజాబీలు, మలయాళీలు, బెంగాలీలు, తమిళులు, తెలుగువారు ఇరుగుపొరుగుగా నివసిస్తున్నారు. ఒక పందిరి కింద అర్ధరాత్రి దాటాక అగ్నిహోత్రం చుట్టూ ప్రదక్షిణలు జరుగుతాయి. మరొక చోట నూనె దీపాల వెలుగులో తాళి కడతారు. వేరొక హాలులో జీలకర్ర, బెల్లం పెట్టే క్షణం కోసం పురోహితుడు గడియారం వైపు చూస్తూ ఉంటాడు. ఆచారాలు వేరైనా ప్రతి చోటా కనిపించే మనిషి ఒకడున్నాడు. అతడు ఫొటోగ్రాఫర్.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే యువకుడికి ఎదురయ్యే మొదటి పెద్ద ప్రశ్న కెమెరా ఎంపిక. ‘ఫుల్ ఫ్రేమ్’ కెమెరా కొనాలా, ‘క్రాప్ సెన్సర్’ కెమెరాతో సరిపెట్టుకోవాలా? మొదటిది ఖరీదైనది. దానికి తగిన లెన్సులు ఇంకా ఖరీదైనవి. తండ్రి దాచిన సొమ్మో, నెలవాయిదాల అప్పో పెట్టుబడిగా దిగేవాడికి ఈ నిర్ణయం రెండు మూడేళ్ళ సంపాదనతో ముడిపడినది. ఫొటో తీయించుకునేవారికి కూడా ఇందులో సంబంధం లేకపోలేదు. తాళి కట్టే క్షణం మళ్ళీ రాదు. మసకగా వచ్చిందని వరుణ్ణి మరోసారి కట్టమనలేము.

ఈ రెండు రకాలకు తేడా ఎక్కడున్నది? కెమెరా లోపల వెలుగును పట్టి చిత్రంగా మార్చే పలకను సెన్సర్ అంటారు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. క్రాప్ సెన్సర్ చాలా కంపెనీల కెమెరాలలో సుమారు 23.5 వెడల్పు, 15.6 ఎత్తు ఉంటుంది. కానన్ కెమెరాలలో మరికాస్త చిన్నది. వైశాల్యం లెక్క కడితే పెద్దది చిన్నదానికి దాదాపు రెండుంబావు రెట్లు.

ఈ 36, 24 అన్న కొలత ప్రకృతి విధించినదేమీ కాదు. జర్మనీలో వెట్స్‌లార్ పట్టణంలోని లైట్స్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్, సినిమా ఫిల్ములోని రెండు ఫ్రేములను కలిపి ఒకే చిత్రంగా వాడుకునే చిన్న కెమెరా తయారుచేశాడు. ‘లైకా’ పేరుతో అది 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో ప్రజల ముందుకు వచ్చింది. నేడు ‘ఫుల్’ అని గౌరవంగా పిలుచుకుంటున్న ఆ ఫ్రేము ఆనాటి వారికి మరీ చిన్నదిగా తోచింది. అంతకు పూర్వం మీరట్ సమీపంలోని సర్ధనాలో పుట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) విందులను, వేటలను, కవాతులను పెద్ద పెద్ద గాజు పలకల మీద చిత్రించాడు. పలక ఎంతో ఫొటో అంత. ఆయన గాజు నెగెటివులు రెండువేలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ‘పెద్ద’, ‘చిన్న’ అన్న మాటలు ఆయా కాలాల అలవాటును బట్టి మారుతూ వచ్చినవే.

డిజిటల్ యుగంలో చిన్న సెన్సర్ రావడానికి కారణం ఖర్చు. సెన్సర్లను ఒక పెద్ద సిలికాన్ బిళ్ళ నుండి కోస్తారు. మచ్చలున్న గుడ్డ నుండి దర్జీ చేతిరుమాళ్ళు కత్తిరిస్తే ఏ ఒకటి రెండో పాడవుతాయి. అదే గుడ్డలో దుప్పట్లు కత్తిరిస్తే దాదాపు ప్రతి దుప్పటిలోనూ ఒక మచ్చ పడుతుంది. పెద్ద సెన్సర్ సంగతీ అంతే. 1999లో వచ్చిన నైకాన్ డీ1 చిన్న సెన్సర్‌తోనే పత్రికా ఫొటోగ్రాఫర్లను ఆకర్షించింది. 2002లో కానన్ సంస్థ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌తో 1డీఎస్ కెమెరాను, 2005లో అంతకంటె చవకైన 5డీని విడుదల చేసింది. పెళ్ళి ఫొటోగ్రాఫర్లకు పెద్ద సెన్సర్ అందుబాటులోకి రావడం 5డీతో మొదలైంది.

ఇక పెద్ద సెన్సర్ వల్ల లాభమేమిటో చూద్దాం. వాన తొలి చినుకులు పడిన వాకిలి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. జోరుగా కురిశాక నేలంతా సమంగా తడుస్తుంది. వెలుగు కూడా చినుకుల వంటిదే. తక్కువ వెలుగు పడిన చిత్రంలో ముఖాల మీద ఇసుక చల్లినట్లు గరుకు కనిపించడానికి కారణమిదే. పెద్ద సెన్సర్ అదే దృశ్యం నుండి, అదే లెన్సు తెరపుతో, రెండుంబావు రెట్లు వెలుగు గ్రహిస్తుంది. ఫొటోగ్రాఫర్ల భాషలో చెప్పాలంటే లాభం ఒక స్టాపు, మరో పావు. ఒకే కాలంలో తయారైన రెండు కెమెరాలను పోల్చితే, ఫుల్ ఫ్రేమ్‌లో ఐ.ఎస్.ఓ. 6400 వద్ద కనిపించే గరుకు, క్రాప్ సెన్సర్‌లో సుమారు 2700 వద్దనే కనిపిస్తుంది.

ఫ్లాష్‌కు అనుమతి లేని ఆలయంలోనో, దీపం తప్ప వేరే వెలుగు లేని మండపంలోనో ఈ లాభం విలువైనది. మయూర్ విహార్ ఫేజ్-1లో ఉత్తర గురువాయూరప్పన్ ఆలయం ఉన్నది. కేరళ ఆలయ సంప్రదాయంలో నూనె దీపానిదే అగ్రస్థానం. అటువంటి వెలుగులో వధువు ముఖం ఒక్కటే స్పష్టంగా ఉండి, వెనుకనున్న జనం మెత్తగా కలిసిపోతే చిత్రానికి శోభ. పెద్ద సెన్సర్ తన గొప్పతనాన్ని చూపేది ఇక్కడనే.

అయితే ఈ లాభం ఒక షరతుతో కూడినది. దుకాణాలవారు దాని గురించి అంతగా చెప్పరు. ఫ్రేములో దృశ్యం సమానంగా, లెన్సు తెరపు సమానంగా ఉంచితే, పెద్ద సెన్సర్ చిత్రంలో స్పష్టంగా కనిపించే లోతు తక్కువ. రిసెప్షన్ వేదిక మీద బంధువులు మూడు వరుసలలో నిలబడినప్పుడు ఎఫ్ 2.8 వద్ద తీస్తే ముందు వరుస పెద్దలు స్పష్టంగా వచ్చి, వెనుక వరుస పినతండ్రులు మసకబారవచ్చు. అందరూ బాగా రావాలంటే తెరపును తగ్గించాలి. తగ్గిస్తే లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. క్రాప్ సెన్సర్‌తో ఎఫ్ 4 వద్ద వచ్చే లోతును ఫుల్ ఫ్రేమ్‌లో రాబట్టడానికి సుమారు ఎఫ్ 6 కావాలి. అప్పటికి ఆ ఒక స్టాపు పావు లాభం పూర్తిగా కరిగిపోతుంది. మన పెళ్ళి ఆల్బమ్‌లలో బృంద చిత్రాలే అధికం గనుక, ఈ లెక్క మనవారికి మరీ ముఖ్యం.

చిత్రం పరిమాణం మాటేమిటి? నేడు వాడుకలో ఉన్న పెద్ద ఆల్బమ్‌లో పేజీ 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి రెండు కోట్ల చుక్కల కంటె కాస్త తక్కువే చాలు. రెండు రకాలలోనూ 24 మెగాపిక్సెల్ కెమెరాలు, అంటే రెండు కోట్ల నలభై లక్షల చుక్కలవి, విరివిగా దొరుకుతున్నాయి. కాబట్టి ఆల్బమ్ కోసమే పెద్ద సెన్సర్ అవసరమన్న మాటకు ఆధారం లేదు.

అసలు చిక్కు లెన్సుల దగ్గర వస్తుంది. ముందు క్రాప్ కెమెరా కొని, ‘రేపు ఫుల్ ఫ్రేమ్ కొంటాను గదా’ అన్న ఆలోచనతో 24–70 మిల్లీమీటర్ల ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ లెన్సును దానికి తగిలించేవారున్నారు. క్రాప్ కెమెరా మీద ఆ లెన్సు చూపు 36–105కు సమానమవుతుంది. పది అడుగుల దూరం నుండి ఫుల్ ఫ్రేమ్‌లో పదిహేను అడుగుల వెడల్పు పట్టే లెన్సు, ఇక్కడ పది అడుగులే పడుతుంది. పెళ్ళికూతుర్ని చేయడం, మెహందీ వంటి వేడుకలు ఫ్లాటులోని ముందుగదిలోనే జరుగుతాయి. వీపు గోడకు ఆనిన ఫొటోగ్రాఫర్‌కు ఇంకా వెనక్కి జరగడానికి చోటుండదు. సోఫాకు రెండు చివరల కూర్చున్న అమ్మమ్మా, నాయనమ్మా చిత్రంలో లేకుండా పోతారు. క్రాప్ కెమెరాకు దాని కోసమే తయారైన 17–50 వంటి ఎఫ్ 2.8 లెన్సు సరైన జోడీ. అది తేలిక, చవక కూడా. దానిని ఫుల్ ఫ్రేమ్‌కు తగిలిస్తే, కెమెరా మధ్యభాగాన్నే వాడుకోవలసి వచ్చి, 24 మెగాపిక్సెళ్ళు పది చిల్లరకు పడిపోతాయి. ఏ దారి ఎంచుకున్నా కెమెరా, లెన్సు ఒకే దారిలో నడవాలి.

సెన్సర్ పరిమాణంతో ప్రమేయం లేని అపాయాలు మరికొన్ని ఉన్నాయి. పెళ్ళి పాడయ్యేది ఎక్కువగా వీటి వల్లనే. మెమరీ కార్డు చెడిపోవచ్చు. రెండు కార్డులు పట్టే కెమెరా అయితే ప్రతి చిత్రం రెండు చోట్ల నిలుస్తుంది. చవకరకపు క్రాప్ కెమెరాలలో చాలావాటికి ఒకే కార్డు పడుతుంది. కానీ ఫుల్ ఫ్రేమ్‌లోనూ కానన్ ఆర్‌పీ వంటివి ఒకే కార్డువి. మంచి క్రాప్ కెమెరాలలో రెండు కార్డులవీ ఉన్నాయి. పెద్దది కొన్నాను గనుక భద్రమనుకోవడం పొరపాటు. తలంబ్రాల మధ్యలో కెమెరా మొరాయించవచ్చు. ఉన్న డబ్బంతా ఒక్క కెమెరా మీద పెట్టినవాడి చేతిలో అప్పుడు ప్రత్యామ్నాయం ఉండదు.

వెలుగు సంగతీ అటువంటిదే. ఫ్లాష్ వెలుగు దూరం రెండింతలైతే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇంట్లో తెల్లని పైకప్పు మీదికి ఫ్లాష్ తిప్పితే ముఖాల మీద మెత్తని వెలుగు పడుతుంది. ఎర్రని షామియానా కింద అదే పని చేస్తే ముఖాలన్నీ ఎర్రబారుతాయి. ఎల్.ఇ.డి. దీపాల వేదిక ముందు ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన చిత్రాలలో అడ్డచారలు పడే అవకాశమున్నది. మెకానికల్ షట్టర్‌కు మార్చుకుంటే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. తలంబ్రాలు పోసే చేతుల వేగాన్ని నిలపాలంటే సెకనులో 250వ వంతో, అంతకంటె తక్కువో కావాలి. వీటిని ఎరిగినవాడి చేతిలో చిన్న సెన్సర్ ఇచ్చే చిత్రం, ఎరుగనివాడి చేతిలో పెద్ద సెన్సర్ ఇవ్వదు.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే పెట్టుబడికి ఒక వరుస ఏర్పడుతుంది. కొత్తగా వృత్తిలోకి వచ్చేవాడు ముందు రెండు కార్డులు పట్టే ఒక మంచి క్రాప్ కెమెరా, దానికి తగిన ఎఫ్ 2.8 లెన్సు, మంచి ఫ్లాష్ సమకూర్చుకోవడం వివేకం. తరువాతి ఖర్చు రెండో కెమెరాకు. పాతదైనా సరే, అదే లెన్సులు పట్టేదైతే చాలు. సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు దాని షట్టర్ ఎన్నిసార్లు పడిందో తప్పక అడగాలి. పెళ్ళికి రెండు వేల చిత్రాలు తీసినవాడి కెమెరా వంద పెళ్ళిళ్ళకు రెండు లక్షల మార్కు చేరుతుంది. అనేక షట్టర్లకు తయారీదారులు చెప్పే ఆయుర్దాయం ఇంచుమించు అంతే.

చేతికి వచ్చే పనిలో ఎక్కువ భాగం ఫ్లాష్ లేని ఆలయ వివాహాలో, రాత్రివేళ దీపాల వెలుగులో జరిగే వేడుకలో అయితే ఫుల్ ఫ్రేమ్ తన ఖరీదును తానే తిరిగి రాబడుతుంది. అలా అవునో కాదో తెలుసుకోవడానికి అప్పు చేయనక్కరలేదు. ఢిల్లీలో కెమెరాలు రోజు అద్దెకు దొరుకుతాయి. మయూర్ విహార్ నుండి మెట్రోలో రాజీవ్ చౌక్ చేరి, రైలు మారి చాందినీ చౌక్‌లో దిగితే, కూచా చౌధరీ కెమెరా బజారులో రెండు రకాలనూ చేత పట్టి చూడవచ్చు. నాలుగు పెళ్ళిళ్ళకు అద్దెకు తెచ్చి, ఆ చిత్రాలను తన పాత చిత్రాల పక్కన ఆల్బమ్ పేజీ కొలతలో అచ్చు వేయించి చూసుకున్నవానికి వేరొకరి సలహాతో పని ఉండదు.

పెళ్ళి చేసే పెద్దలకూ ఇందులో నేర్వవలసింది ఉన్నది. ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకునేటప్పుడు ‘మీది ఫుల్ ఫ్రేమేనా?’ అని అడగడం ఈమధ్య రివాజయింది. అంతకంటె ఉపయోగమైన ప్రశ్నలు మూడు. మీ వెంట రెండో కెమెరా ఉంటుందా? తీసిన చిత్రాలు రెండు కార్డులలో పడతాయా? మా పెళ్ళి జరిగే వంటి వెలుగులో మీరు తీసిన ఒక పూర్తి ఆల్బమ్ చూపగలరా? మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చిన ఫొటోగ్రాఫర్ చేతిలో సెన్సర్ ఏ కొలతదైనా, అతనికి నిశ్చింతగా బయానా ఇవ్వవచ్చు.