వార్తల్లో మన వాటా

రాత్రి వార్తలు ఎవరి కోసం? జవాబు 1990 నాటి ప్రసారభారతి చట్టంలోనే ఉంది. అమల్లోకి రావడానికే దానికి 1997 దాకా పట్టింది. ప్రజలకు సంబంధించిన ప్రతి విషయాన్నీ స్వేచ్ఛగా, సత్యంగా, నిష్పాక్షికంగా తెలుసుకునే పౌరుల హక్కును కాపాడటం దూరదర్శన్ లక్ష్యాల్లో ఒకటి. స్త్రీల స్థితిగతుల గురించి జాతిని చైతన్యపరచడం, వారి అభ్యున్నతిపై ప్రత్యేక శ్రద్ధ పెట్టడం మరొకటి.

ఆ 'అభ్యున్నతి' దగ్గరే నా పేచీ. ఎవరో చెయ్యి పట్టి పైకి లాగాల్సినవాళ్ళమా మనం? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. వాళ్ళను ఎవరూ ఉద్ధరించలేదు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఇలాంటి స్త్రీలు వార్తల్లో బాధితులుగానో లబ్ధిదారులుగానో కాదు, రాజకీయం మాట్లాడే పౌరులుగా కనిపించాలి.

తెరమీద స్త్రీ వార్తలు చదివితే చాలుతుందా? ఏది వార్తో తేల్చేచోట ఆమె మాట చెల్లాలి. మంత్రిగారి ప్రారంభోత్సవం ముందా, కూలి కోసం బైఠాయించిన ఆడవాళ్ళ గొంతు ముందా? ముఖ్యాంశాల వరస కూడా రాజకీయమే.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రజల్లో సగం మనం. అడుగుతున్నది దయ కాదు, వాటా.