పులసయు మన ప్రతిష్ఠయు

తరతరములుగా ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబములకు భాషను నిలుపుకొనుట యెంత కష్టమో, వంటను నిలుపుకొనుట అంత సులభము. బడిలో తెలుగు లేకున్నను ఇంటిలో గోంగూర యున్నది. పిల్లలకు పద్యము రాకున్నను పప్పుచారు రుచి తెలియును. కావుననే మన సంఘముల వార్షికోత్సవములలో ఉపన్యాసములకన్న విందులకు ప్రఖ్యాతి హెచ్చు. ఇందులో తప్పేమియు లేదు. కాని వంటను జాతి చిహ్నముగా ఎత్తిపట్టిన వారికి, ఆ వంటకు సరకునిచ్చు నేలయు నదియు సముద్రమును ఏ స్థితిలో నున్నవో విచారింపవలసిన బాధ్యత గూడ నుండును. ఆ బాధ్యతను మన సంఘములు తలకెత్తుకొనుట లేదని మా అభియోగము. ఇందుకు సాక్ష్యముగా ఒక్క చేపను నిలబెట్టుచున్నాము. అది పులస.

సముద్రములో నున్నంతకాలము దానిని ఇలస యందురు. గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినపుడు అది ఉప్పునీటిని విడిచి, వరద కెదురీది, మంచినీటిలో గుడ్లు పెట్టుటకై పైకి వచ్చును. అట్లు ఎదురీదిన చేపకే పులస యను పేరు. గుడ్లనుండి వెలువడిన పిల్లలు కొన్ని నెలలు నదిలోను నదీముఖములోను పెరిగి పిమ్మట సముద్రము చేరును. ఒక్కొక్క ఆడచేప కడుపున లక్షల కొలది గుడ్లుండును. యానాము రేవున మనము పోటీపడి కొనునది పురుటికి పుట్టింటికి వచ్చుచున్న ఈ చేపనే. ఇటీవలి సంవత్సరములలో ఒక్క చేప వేలములో ఇరువది వేల రూపాయలు దాటి పలికినది. ఆ వార్తను పత్రికలు వేడుకగా ప్రకటించినవి. మనమును వేడుకగానే చదివితిమి. ఒక వస్తువునకు అంత వెల వచ్చుటకు దాని రుచి యొక్కటియే కారణము కాదు. అది కరవగుచున్నదనుటకు ఆ వెలయే తార్కాణము.

పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత. పుస్తెలమ్ముకొన్న ఇల్లాలు కాలము కలిసివచ్చినపుడు మరల చేయించుకొనవచ్చును. కడుపునిండ గుడ్లున్న చేపనమ్ముకొన్న నది దేనితో తిరిగి కొనుక్కొనును?

ఈ కొరతకు భోక్తలొక్కరే కారకులని మేము చెప్పము. 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. కాటన్ దొరను మన పెద్దలు దేవునివలె తలచుటకు కారణమున్నది. కాని పొలమునకు నీరు మళ్లించిన ఆ గోడయే చేపకు దారి మూసినది. గంగానదిపై 1975లో ఫరక్కా బారేజి పనిచేయ మొదలిడిన పిదప, అంతకుముందు అలహాబాదు వఱకు ఎదురీదిన ఇలస పైభాగమున దాదాపు కానరాకుండపోయినది. ఆనకట్టను పగులగొట్టుమని ఎవ్వరు ననరు. అది అవసరము. కాని పైదారి మూసికొనిపోయినపుడు దిగువన మిగిలిన కొద్దిపాటి నీటినైన చేపకు విడువవలదా? ఆ నీటిలోనే వల వెంబడి వల పన్ని, చిక్కినదానిని వేలము వేసి, దానికి తెలుగుదనమని పేరు పెట్టుట న్యాయము కాదు.

చట్టమున్నది గదా యని కొంద ఱందురు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు సముద్రములో యంత్రపు పడవల వేట నిషిద్ధము. అది మంచి నియమము. కాని పులస నదిలోనికి వచ్చునది జూలై మొదలుకొని. వెన్ను తీయక పూర్వమే కావలివానిని ఇంటికి పంపివేసిన చేనివంటిది దాని స్థితి. పైగా గౌతమి పాయలో యానాము నీరు పుదుచ్చేరిది, పొరుగు నీరు ఆంధ్రప్రదేశ్‌ది. చేపకు ఈ సరిహద్దు తెలియదు. ఒక ప్రభుత్వము నియమించి రెండవది ఊరకున్నచో ఫలము శూన్యము.

జాలరి నోరు కొట్టుదురా యని మఱికొందఱి ప్రశ్న. ఇది గౌరవింపవలసిన ప్రశ్న. దీనికి బంగ్లాదేశము సమాధానమిచ్చినది. అచట పెద్ద ఇలస గుడ్లు పెట్టు కాలమున, అక్టోబరు ప్రాంతములో, 22 దినములు వేట మాన్పింతురు. పిల్లచేపలను పట్టుటను నవంబరు నుండి జూన్ వఱకు నిషేధింతురు. పని లేని దినములలో జాలరి కుటుంబములకు బియ్యమిత్తురు. 2002-03లో సుమారు రెండు లక్షల టన్నులున్న వారి ఇలస రాబడి 2017-18 నాటికి ఐదు లక్షల టన్నులు దాటినది. ఇటీవల కొంత తగ్గినను మునుపటి స్థితికి దిగజారలేదు. చేపను కాపాడినవారు జాలరి నోరు కొట్టలేదు, అతని కంచము నింపిరి. ఏడాదికొక పులస దొరకుటయో దొరకకపోవుటయో లాటరీ వంటిది. దానిపై ఏ జాలరి సంసారమును నడువదు.

మన భాష మాట్లాడు జాలరులే ఒడిశాలో ఇంతకన్న పెద్ద భారమును మోయుచున్నారు. గంజాం జిల్లాలోని ఋషికుల్యా ముఖమున సముద్రపు తాబేళ్లు వేలకువేలుగా వచ్చి గుడ్లు పెట్టును. 2025 ఫిబ్రవరిలో అచటికి వచ్చినవి ఏడు లక్షలకు చేరువ. వానికై ఏటేట నవంబరు 1 నుండి మే 31 వఱకు తీరము నుండి 20 కిలోమీటర్ల లోపల వేట నిషిద్ధము. ఏడు నెలల నిషేధమువలన ఆ తెలుగు కుటుంబములు పడు ఇబ్బంది చిన్నది కాదు. వారికి తగిన భృతి అందవలెనని అడుగుట మన ధర్మము. తినుటకు పనికిరాని తాబేటికై వారు ఏడు నెలలు ఓర్చుచుండగా, తినుటకే కావలసిన పులసకై మనము మూడు నెలలు నాలుక కట్టుకొనలేమా?

పులసతో సరి కాదు. తూర్పుగాలి వీచు దినములలో చీరలు పన్ని పట్టి, కొలతలతో అమ్ము చీరమీను మన ప్రాంతమున మఱియొక ముచ్చట. అది ఎదుగని పసిచేపల రాశి. పైరును మొలకలోనే కోసి కూర వండుకొను రైతును లోకము వెఱ్ఱివాడనును.

ఇక మడ అడవుల మాట. యానామునకు ఆనుకొనియున్న కోరింగ అడవి 1978 నుండి అభయారణ్యము. మడ, పొన్న, తిల్ల చెట్ల వేళ్ల నడుమనే రొయ్యలును పీతలును అనేక జాతుల చేపపిల్లలును పెరుగును. ఆ చెట్లు ఉప్పెనకు అడ్డుగోడ కూడ. 1999 నాటి ఒడిశా పెనుతుపానులో కేంద్రపడా జిల్లాయందు, మడ అడవి విస్తారముగా నున్న పల్లెలలో ప్రాణనష్టము తక్కువగా నున్నదని 2009లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. 1839 ఉప్పెనలో కోరింగ రేవు నాశనమైనదనియు, 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ ప్రాంతమున సుమారు వేయిమందిని బలిగొన్నదనియు ఎఱిగిన మనకు ఇంతకన్న బోధ అక్కఱలేదు. అయినను తీరము పొడవునను రొయ్యల చెఱువులు వ్యాపించినవి. వానిని అదుపు చేయుమని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పినది. ఆ చెఱువుల మేతకై చిన్నచేపలు పిండి యగుచున్నవి. పేదవాని పళ్లెములోని కవళ్లు విదేశమునకు పోవు రొయ్యకు ఆహారమగుట ఏ లెక్క ప్రకారము లాభము?

నేల సంగతియు ఇట్టిదే. తెలుగు విందనగానే తెల్లని వరియన్నపు రాశి యని మనము తలంచుచున్నాము. కోలారు, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారిని పోషించినది రాగిసంకటి. షోలాపూరులో మగ్గము నేసిన పద్మశాలీలకు బలమిచ్చినది జొన్నరొట్టె. కొరాపుట్, రాయగడ కొండలలో నేటికిని రాగి అంబలి యున్నది. 2017 నుండి ఒడిశా ప్రభుత్వము చిరుధాన్యముల సాగుకు ప్రత్యేక పథకమును నడపుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. లోకము గుర్తించిన దానిని మన ఉత్సవములలో వడ్డించుటకు మనకు నామోషీ. వర్షాధారమున పండు ఈ ధాన్యములను తిన్నకొలది నదిమీద మన యప్పు తగ్గును.

కావున సంఘముల పెద్దలకు మా విన్నపములు నాలుగు. జూలై మొదలు అక్టోబరు వఱకు ఏ సంఘ విందులోను పులసను వడ్డింపరాదు. చీరమీనును ఏ కాలమునను ముట్టరాదు. వానికి మాఱుగా నిషేధకాలము గడచిన పిదప కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు వడ్డింపుడు. అవి త్వరగా పెరిగి త్వరగా సంతానమును పొందునవి. అవియు అక్షయపాత్రలు కావు గనుక మితము తప్పరాదు. ప్రతి విందునను ఒక్క పంక్తికైనను రాగియో జొన్నయో కొఱ్ఱయో వండింపుడు. తుదకు, గౌతమి పాయలో పులస ఎదురువచ్చు కాలమున కొన్ని వారములు వేట నిలిపి, జాలరులకు ఆ దినములకు భృతి నిచ్చునట్లు ఉభయ ప్రభుత్వములకును మన సంఘములన్నియు ఒక్కగొంతుతో మహజరు పంపవలెను.

ఇవి చేయుటకు ధనము అక్కఱలేదు. పంతము విడిచిన చాలును. భాషను పిల్లలకు అందింపవలెనని ప్రతి ఏటను తీర్మానించుచున్నాము. పులస యను మాటను నేర్పి, పులసను చూపలేకపోయినచో ఆ మాట నిఘంటువులో మిగులును గాని నాలుకమీద మిగులదు. మాటను కాపాడువారు ముందుగా ఆ మాటకు అర్థమైన ప్రాణిని కాపాడుదురు గాక.